70 మార్కుల గేమ్ కొనాలా, వద్దా? మిక్స్‌డ్ రివ్యూలు చదివి తేల్చుకునే పద్ధతి

సేల్ మొదలైన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఈ గేమ్‌కి 68 వచ్చింది. ఒకరు అద్భుతం అంటున్నారు, ఇంకొకరు టైమ్ వేస్ట్ అంటున్నారు. కొననా, మాననా?" గేమ్ పేరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నేను పాటించే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

95 వచ్చిన గేమ్‌కీ, 30 వచ్చిన గేమ్‌కీ ఇంత కసరత్తు అక్కర్లేదు. ఇది విమర్శకుల సగటు 100కి 55 నుంచి 78 దాకా వచ్చినవాటి కోసం. ఆ మధ్య మార్కు వెనకాల చాలాసార్లు ఒక తగాదా ఉంటుంది. విమర్శకులు దేని దగ్గర విడిపోయారో కనుక్కుంటే, అది మీకు పట్టే విషయమా కాదా అన్నది మీకే తెలిసిపోతుంది. అరగంట పని. రెండు మూడు వేలు పెట్టే ముందు అరగంట కూర్చోవడం ఎక్కువేం కాదు.

కావలసినవి

- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో నోట్స్ అయినా ఫర్వాలేదు గానీ తర్వాత వెతికితే దొరకాలి.
- మీ కంప్యూటర్ వివరాలు: గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలో ఎంత ఖాళీ ఉందో. కన్సోల్ అయితే ఏ మోడలో.
- ఆ గేమ్ మీద ఐదు రివ్యూలు. ఏ ఐదో కింద చెప్తాను.
- కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఆ గేమ్ పేజీ. మీరు కన్సోల్‌లో ఆడేవారైనా సరే, ఇది పనికొస్తుంది.
- పక్కన ఎవరూ మాట్లాడని గేమ్‌ప్లే వీడియో ఒకటి.

1. ముందు మీ గురించి నాలుగు లైన్లు రాసుకోండి

రివ్యూ తెరవకముందే ఇది అయిపోవాలి. తర్వాత రాస్తే చదివిన మాటల ప్రభావం పడుతుంది. మీకు బాగా నచ్చిన మూడు గేమ్‌లు, సగంలో వదిలేసిన ఒక గేమ్ రాయండి. ఆ వదిలేసిన దాని పక్కన ఎందుకు వదిలేశారో కూడా రాయండి. వారానికి మీరు నిజంగా ఎన్ని గంటలు ఆడతారో రాయండి. ఆడాలనుకునే గంటలు కాదు, పోయిన నెలలో ఆడిన గంటలు.

నాలుగింటిలో ఎక్కువ సమాచారం ఇచ్చేది ఆ వదిలేసిన గేమే. నచ్చడానికి పది కారణాలు కలిసి రావాలి, వదిలేయడానికి ఒక్కటి చాలు. ఆ ఒక్కటేదో మీకు ముందే తెలిసి ఉంటే రివ్యూలో అది కనిపించగానే ఆగుతారు.

2. ఏ గజంతో కొలిచారో చూడండి

70 అంటే మనకు ఫస్ట్ క్లాస్. చిన్నప్పటి నుంచీ 60 దాటితే ఫస్ట్ క్లాస్, 75 దాటితే డిస్టింక్షన్ అని అలవాటు. గేమ్‌ల రివ్యూల్లో 70 అంత ఘనంగా వినిపించదు. తెలుగు సినిమా రివ్యూల్లో 5కి 2.75 అంటే దాని అర్థం ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా. గేమ్‌ల లోకంలో 10కి 7 దాదాపు అలాంటిది. స్కేలు 0 నుంచి 10 దాకా ఉన్నా, పేరున్న గేమ్‌ల మార్కులు చాలావరకు 6కీ 9కీ మధ్యే తిరుగుతుంటాయి.

సైట్లు ఒక్కో విధంగా లెక్కపెడతాయి. ఇవి గుర్తుపెట్టుకోండి:

- మెటాక్రిటిక్ విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు చూపించే సైట్. అందులో గేమ్‌కి 75, ఆపైన వస్తే పచ్చ రంగు. 50 నుంచి 74 దాకా పసుపు, అంతకన్నా తక్కువైతే ఎరుపు. ఈ పసుపునే అది 'మిక్స్‌డ్ ఆర్ యావరేజ్' అంటుంది. కొన్ని పత్రికల మార్కుకి ఎక్కువ బరువు ఇస్తుంది, ఎవరికి ఎంతన్నది చెప్పదు.
- అలాంటిదే ఇంకో సైట్ ఓపెన్‌క్రిటిక్ అందరి మార్కులనూ సమానంగా తీసుకుని సగటు చూపిస్తుంది. దాంతోపాటు ఎంత శాతం మంది విమర్శకులు ఆడమని సిఫారసు చేశారో చెబుతుంది. మధ్యస్థంగా ఉన్న గేమ్‌లకు ఆ శాతం సగటు కన్నా పనికొస్తుంది.
- స్టీమ్‌లో మార్కులు లేవు. ఆడినవాళ్లు బొటనవేలు పైకో కిందికో చూపిస్తారు. 40 నుంచి 69 శాతం పైకి చూపిస్తే 'మిక్స్‌డ్' అని రాస్తుంది.
- గేమ్ రివ్యూల సైట్ ఐజీఎన్‌లో 5 అంటే మీడియోకర్, 6 ఓకే, 7 గుడ్.
- జపాన్ పత్రిక ఫామిట్సులో నలుగురు తలా 10కి వేస్తారు, మొత్తం 40కి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. స్టీమ్‌లో 85 శాతం చూసి "ఇది 85 మార్కుల గేమ్" అనుకుంటారు. అది మార్కు కాదు. "ఫర్వాలేదు, కాలక్షేపం అయింది" అనుకున్న ప్రతివాడూ బొటనవేలు పైకే పెడతాడు. అందరూ 10కి 6.5 ఇచ్చే గేమ్ కూడా స్టీమ్‌లో 85 శాతం దగ్గర నిలబడగలదు. మెటాక్రిటిక్ మిక్స్‌డ్, స్టీమ్ మిక్స్‌డ్ కూడా ఒకటి కాదు. స్టీమ్‌లో మిక్స్‌డ్ అంటే రివ్యూ రాసినవాళ్లలో ప్రతి పదిమందికీ కనీసం ముగ్గురు వద్దన్నారని. అది కాస్త గట్టి హెచ్చరిక.

ఒకటి రెండు మార్కుల తేడాకి టెన్షన్ పడకండి. తయారుచేసినవాళ్లకు ఆ తేడా బతుకుతెరువు కావచ్చు: 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగాస్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే అబ్సిడియన్ స్టూడియోకి బోనస్ రావాల్సింది, 84 దగ్గర ఆగిపోయింది. ఆడే మనకు మాత్రం 84కీ 85కీ తేడా లేదు.

3. సగటు పక్కన పెట్టి, చెదురు చూడండి

మెటాక్రిటిక్‌లో గానీ ఓపెన్‌క్రిటిక్‌లో గానీ విమర్శకుల జాబితా తెరిచి మార్కులన్నీ పైనుంచి కిందికి ఒకసారి చూడండి. మీకు రెండు రకాల 68లు కనిపిస్తాయి.

మొదటి రకంలో అందరూ 60, 65, 70, 70, 75 ఇలా దగ్గరదగ్గరగా వేస్తారు. అందరికీ సగం సగం నచ్చిందన్నమాట. ఇలాంటి గేమ్ మిమ్మల్ని పెద్దగా ఆశ్చర్యపరచదు, పెద్దగా బాధపెట్టదు. ధర తగ్గాక కొనుక్కుంటే సరిపోతుంది.

రెండో రకంలో ఒకరు 90, ఒకరు 40. సగంమందికి పూర్తిగా నచ్చింది, సగంమందికి అస్సలు నచ్చలేదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2010 నాటి డెడ్లీ ప్రిమానిషన్. ఐజీఎన్ 10కి 2 ఇచ్చింది. డిస్ట్రక్టాయిడ్ అనే మరో సైట్ 10కి 10 ఇచ్చింది. విమర్శకులను ఇంతగా చీల్చిన సర్వైవల్ హారర్ గేమ్ మరొకటి లేదని గిన్నిస్ వాళ్లు రికార్డు కూడా ఇచ్చారు. సగటు చూస్తే 68. ఆ 68ని చూసి "యావరేజ్ గేమ్" అనుకుంటే తప్పులో కాలేసినట్టే. పాత గ్రాఫిక్స్, మొరటు తుపాకీ ఫైట్లు, మాట వినని కంట్రోల్స్ ఒకవైపు. ఇంకెక్కడా దొరకని వింత కథ, మనసులో నిలిచిపోయే మనుషులు మరోవైపు. ఎవరికి ఏది ముఖ్యమో దాన్నిబట్టి మార్కు పడింది.

ఇలాంటివాటిని నేను ప్రేమిస్తాను. మొదటి రకం 70 కన్నా రెండో రకం 65 మీద డబ్బు పెట్టడానికే ఇష్టపడతాను. మీరూ అలాగే చేయాలని కాదు. ముందు ఏ రకమో తెలుసుకోండి.

హెచ్చరిక: జాబితాలో పదిమంది కూడా లేకపోతే ఈ అడుగు నమ్మకంగా పనిచేయదు. ఒక్కరి కోపమే సగటును కిందికి లాగేస్తుంది. అప్పుడు నేరుగా 4కి వెళ్లండి.

4. ఐదు రివ్యూలు చదవండి, రెండు గడుల్లో రాయండి

పైనున్నవి రెండు, కిందున్నవి రెండు, సరిగ్గా మధ్యలో ఉన్నది ఒకటి. చివరి పేరా, మార్కు మాత్రమే చదివి మూసేయకండి. పని అంతా మధ్య పేరాల్లోనే ఉంటుంది.

కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు 'ఉన్నది', కుడివైపు 'అనిపించింది'. గేమ్‌లో ఏముందో చెప్పే మాట ఎడమవైపు, అది విమర్శకుడికి ఎలా తోచిందో చెప్పే మాట కుడివైపు. ఆ తర్వాత కుడివైపు గడి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఎడమవైపుది మాత్రమే చదవండి.

పోయిన వేసవి సేల్‌లో గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, డేస్ గాన్ తీసుకోనా? 71 అంట, అంత గొప్పేం కాదన్నమాట." వాడి చేత ఇదే పని చేయించాను. ఎడమవైపు వాడు రాసినవి ఇవి: బైక్ మీద అడవుల్లో, కొండ దారుల్లో తిరగాలి. బైక్‌కి పెట్రోలు వెతుక్కోవాలి. కథ మెల్లగా మొదలవుతుంది. వందల కొద్దీ వచ్చిపడే గుంపులతో పోరాడటం చాలా ఆలస్యంగా వస్తుంది. శత్రువుల క్యాంపులు ఖాళీ చేసే పని మళ్లీ మళ్లీ వస్తుంది. విడుదలైనప్పుడు బగ్స్ (ప్రోగ్రామ్‌లో తప్పులు) ఉన్నాయి. కుడివైపు: బోర్, సాగదీత, పాత చింతకాయ పచ్చడి.

కుడివైపు మూయించి ఎడమవైపు చదివించాను. "మావయ్యా, ఇది నాకోసమే చేసినట్టుంది కదా" అన్నాడు. వాడికి బైక్ మీద ఊరికే తిరగడమే ఇష్టం, రోజుకి గంట ఆడతాడు, కథ తొందరగా అయిపోతే వాడికి వెలితి. 71 ఇచ్చిన కారణాలే వాడు కొనడానికి కారణాలయ్యాయి. బగ్స్ సంగతి మాత్రం అడుగు 5లో విడిగా చూసుకున్నాం.

రివ్యూల్లో మళ్లీ మళ్లీ కనిపించే కొన్ని మాటలుంటాయి. ఒక్కోదాని దగ్గరా ఆగి మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవి:

*రిపిటేటివ్.* ఎన్ని గంటల తర్వాత విసుగొచ్చింది? ఎంత వేగంగా ఆడితే? విడుదలకు ముందు రివ్యూ రాసేవాళ్లు చాలాసార్లు నలభై గంటల గేమ్‌ని వారంలో ముగించాలి. ఒకే రోజు పన్నెండు క్యాంపులు ధ్వంసం చేస్తే ఎవరికైనా మొహం మొత్తుతుంది. మీరు రోజుకి ఒకటి చేస్తే అదే పని రాత్రి భోజనం తర్వాత హాయిగా ఉండొచ్చు. 2015 నాటి మ్యాడ్ మ్యాక్స్ గేమ్‌కి పీఎస్4 (సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 4) మీద 69 వచ్చింది. ఇదే ఫిర్యాదు. పైగా అది మెటల్ గేర్ సాలిడ్ 5 విడుదలైన రోజే, సెప్టెంబర్ 1న వచ్చింది. పక్కనే అంత పెద్ద గేమ్ ఉంటే పోలిక తప్పదు. కొన్నవాళ్లు మాత్రం స్టీమ్‌లో దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

*స్లో.* కథ మెల్లగా నడుస్తోందా, హీరో మెల్లగా నడుస్తున్నాడా, లేక ప్రతి తలుపుకీ లోడింగ్ స్క్రీన్ వస్తోందా? మూడూ వేరు. మొదటిది అభిరుచి, రెండోది అలవాటు, మూడోది మీ మెషీన్‌ని బట్టి మారేది.

*చిన్నది.* 2015లో వచ్చిన ది ఆర్డర్: 1886కి 63 వచ్చింది. చూడటానికి ఆ రోజుల్లో దాన్ని మించింది లేదని తిట్టినవాళ్లూ ఒప్పుకున్నారు. నిడివి తక్కువ, చేతికి పని తక్కువ అన్నది ఫిర్యాదు. పూర్తి ధరకి అది న్యాయమైన ఫిర్యాదే. మూడో వంతు ధరకి, రెండు ఆదివారాల్లో ముగిసే గేమ్ కావాలనుకునేవారికి అది ఫిర్యాదే కాదు.

*కష్టం, అన్యాయం.* ఇక్కడ జాగ్రత్త. 2014లో ఏలియన్: ఐసొలేషన్‌కి ఐజీఎన్ 10కి 5.9 ఇచ్చింది, పీసీ గేమర్ పత్రిక 100కి 93 ఇచ్చింది. ఇద్దరూ ఒకే ఏలియన్ గురించి రాశారు. అది ఎప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియక గంటల తరబడి బల్ల కింద దాక్కోవడం ఒకరికి శిక్ష, ఇంకొకరికి అదే అసలు భయం. ఇలాంటి చోట ఎవరు కరెక్టన్న ప్రశ్నకి అర్థం లేదు. మీరు వదిలేసిన గేమ్ పక్కన "మళ్లీ మళ్లీ చచ్చిపోవడం" అని రాసి ఉంటే జవాబు దొరికినట్టే.

ఐదుగురూ, మెచ్చుకున్నవాళ్లతో సహా, ఒకే లోపం రాశారనుకోండి. దానికి ఎర్ర ఇంకుతో గీత పెట్టండి. 90 ఇచ్చినవాడు కూడా "కెమెరా ఇబ్బంది పెడుతుంది" అంటే ఆ కెమెరా మిమ్మల్నీ ఇబ్బంది పెడుతుంది.

5. తేదీ, ప్లాట్‌ఫామ్ (ఏ మెషీన్ మీద) సరిచూడండి

రివ్యూ రాసిన రోజున ఉన్న గేమ్, ఇవాళ మీరు కొనే గేమ్ ఒకటి కాకపోవచ్చు. చాలా సైట్లు ఒకసారి వేసిన మార్కుని మళ్లీ ముట్టుకోవు. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు పీఎస్4 మీద 71. చెప్పినవి చాలా లేవని జనం మండిపడ్డారు. తయారీదారులు ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయారు. 2024 నవంబర్‌కి స్టీమ్‌లో మొత్తం రివ్యూల లెక్క 'వెరీ పాజిటివ్'కి చేరింది. ఆ 71 మాత్రం అలాగే ఉంది.

ప్లాట్‌ఫామ్ విషయంలో ఇంకా జాగ్రత్త. సైబర్‌పంక్ 2077 రివ్యూలు 2020 డిసెంబర్‌లో విడుదలకు ముందు పీసీ కాపీల మీదే వచ్చాయి. పీసీ మీద 86, తర్వాత పీఎస్4 మీద 57. విడుదలైన వారానికే సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసింది, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. అందుకే రివ్యూలో 'ఏ మెషీన్ మీద ఆడారు' అన్న లైన్ మొదట వెతకండి. నేను ఒకసారి ఇది చూడకుండా పీసీ రివ్యూ చదివి కన్సోల్ డిస్క్ కొన్నాను. ఆ గేమ్ నా టీవీ మీద ప్రతి మలుపులోనూ ఆగి ఆగి కదిలేది. డిస్క్ సీల్ తీశాక షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఇక ప్యాచ్‌లు, అంటే విడుదలయ్యాక వచ్చే దిద్దుబాటు అప్‌డేట్లు, ఏం బాగుచేస్తాయి, ఏం చేయవు అన్నది తేల్చుకోండి. బగ్స్, ల్యాగ్, సేవ్ పోవడం, కంట్రోలర్ సమస్యలు బాగవుతాయి. కథలో పస లేకపోవడం, మిషన్లన్నీ ఒకేలా ఉండటం, ప్రపంచం ఖాళీగా ఉండటం మామూలుగా బాగవవు. నో మ్యాన్స్ స్కై అరుదైన కేసు, దాన్ని చూపించి ప్రతి గేమ్ మీదా ఆశ పెట్టుకోకండి. 2023 మేలో వచ్చిన రెడ్‌ఫాల్ చూడండి. ఏడాది తిరిగేసరికి దాన్ని తయారుచేసిన ఆర్కేన్ ఆస్టిన్ స్టూడియోనే మూసేస్తున్నట్టు ప్రకటించారు.

ఆన్‌లైన్ లేకుండా నడవని గేమ్ అయితే ఇంకో ప్రశ్న: సర్వర్లు ఎన్నాళ్లుంటాయి? 2019 నాటి యాంథమ్‌కి 2026 జనవరి 12 ఆఖరి రోజని 2025లో ప్రకటించారు. సర్వర్ లేకపోతే ఆ గేమ్ తెరుచుకోవడమే ఉండదు. మధ్యస్థ మార్కులు, ఆన్‌లైన్ తప్పనిసరి, ఆడేవాళ్లు తగ్గిపోతున్నారు, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే ఎంత చవకైనా నేను కొనను.

6. స్టీమ్ పేజీలో ఐదు నిమిషాలు

మొత్తం రివ్యూల మాట, ఇటీవలి రివ్యూల మాట రెండూ పేజీ పైన కనిపిస్తాయి. ఇటీవలివంటే గత 30 రోజులవి. మొత్తం 'మిక్స్‌డ్', ఇటీవలివి 'వెరీ పాజిటివ్' అయితే గేమ్ బాగుపడిందనుకోవచ్చు. తిరగబడి ఉంటే ఈ మధ్య వచ్చిన అప్‌డేట్ ఏదో పాడుచేసింది. కారణం దొరికేదాకా కొనకండి.

కిందికి వస్తే తేదీల వారీగా గ్రాఫ్ ఉంటుంది. వద్దన్న రివ్యూల ఎర్ర గీతలు ఒక్కసారిగా లేచిన రోజుల్ని నొక్కి అప్పటి రివ్యూలు చదవండి. గేమ్‌కి సంబంధం లేని గొడవ మీద గుంపుగా వచ్చి తిట్టిన రోజులు ఉంటాయి. అలాంటివాటిని లెక్కలోంచి తీసే ఏర్పాటు స్టీమ్‌కి 2019 నుంచి ఉంది గానీ, మీ కళ్లతో చూసుకోవడం మంచిది. మెటాక్రిటిక్ కూడా ఇలాంటి గొడవల తర్వాతే, 2020లో, గేమ్ విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు వేయకుండా ఆపింది.

తర్వాత ఆడిన గంటల ఫిల్టర్ పెట్టండి. పది గంటలు దాటి ఆడి కూడా బొటనవేలు కిందికి పెట్టినవాళ్ల మాటలు చదవండి. ఇవి నాకు అన్నిటికన్నా విలువైన రివ్యూలు. అరగంట ఆడి తిట్టినవాడి మెషీన్‌లోనే ఏదో తేడా ఉండొచ్చు. ముప్పై గంటలు ఆడి వద్దన్నవాడికి గేమ్ ఎక్కడ చప్పబడుతుందో తెలుసు.

7. మధ్యలోంచి ఇరవై నిమిషాలు చూడండి

ట్రైలర్ చూడొద్దు. మొదటి మిషన్ కూడా వద్దు, అక్కడ అందరూ బాగానే చేస్తారు. మొదటి నుంచి చివరిదాకా ఆడిన పూర్తి ప్లేత్రూ వీడియో తీసుకుని మూడో వంతు దగ్గరికి జరిపి, ఆపకుండా ఇరవై నిమిషాలు చూడండి. కథ బయటపడుతుందన్న భయం ఉంటే సౌండ్ తీసేయండి. చేతులు ఏం చేస్తున్నాయో చూస్తే చాలు.

వీడియో దొరక్కపోతే మన తెలుగు స్ట్రీమర్ల పాత లైవ్‌లు వెతకండి. మూడు నాలుగు గంటల లైవ్‌లో విసుగు దాచడం ఎవరివల్లా కాదు. ఆడేవాళ్లు ఎప్పుడు ఆట వదిలి చాట్ చదవడంలో పడిపోతున్నారో గమనించండి. డెమో ఉంటే ఈ అడుగు మానేసి అదే ఆడండి.

8. ధర రాయండి

ఇప్పుడు కాగితం మీద ఒకే ఒక అంకె వేయండి: ఈ గేమ్‌కి నేను ఇంత ఇస్తాను. పూర్తి ధరా, సగమా, మూడు వందలా, సున్నానా? సేల్ బోర్డు చూడకముందే వేయాలి. 80 శాతం తగ్గింపు చూశాక మనసు లెక్క మార్చేస్తుంది. మార్కెట్ ధర మీ అంకె దాకా దిగేవరకు విష్‌లిస్ట్‌లో పెట్టి వదిలేయండి.

9. రిఫండ్ గడువులోపు పరీక్షించండి

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఎపిక్ అనే మరో పీసీ స్టోర్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. ప్లేస్టేషన్ వాళ్ల పీఎస్ స్టోర్‌లో అలా కాదు, డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే మామూలుగా రిఫండ్ ఉండదు. అందుకే అక్కడ 1 నుంచి 8 దాకా మరింత ఓపికగా చేయండి.

ఆ రెండు గంటలు ఇలా వాడండి. గేమ్ తెరవగానే ఫోన్‌లో 90 నిమిషాలకి అలారం పెట్టండి. కొన్ని కొత్త గేమ్‌లు మొదటిసారి షేడర్లు (బొమ్మలు గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసుకుంటూ పది ఇరవై నిమిషాలు తినేస్తాయి, ఆ సమయం కూడా మీ ఖాతాలోనే పడుతుంది. పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లినా గంటలు నడుస్తూనే ఉంటాయి. సెట్టింగులు సరిచేసి, జనం ఎక్కువగా ఉన్న చోటో పేలుళ్లు జరిగే చోటో ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద పడే ఫ్రేముల లెక్క) ఎంత పడిపోతుందో చూడండి. ఎర్ర గీత పెట్టిన లోపాన్ని కావాలని పరీక్షించండి: కెమెరా అయితే ఇరుకు గదిలోకి వెళ్లండి, కంట్రోల్స్ అయితే నలుగురితో ఒకేసారి ఫైట్ పెట్టుకోండి. అలారం మోగగానే గేమ్ పూర్తిగా మూసి, ఆలోచించండి.

ఈ పరీక్షతో మెషీన్, కంట్రోల్స్, చిరాకులు తేలతాయి. కథ తేలదు. డేస్ గాన్ లాంటి గేమ్‌లో మొదటి రెండు గంటల్లో అసలు సరుకు బయటకే రాదు. అలాగే ప్రతి వారం ఐదు గేమ్‌లు కొని వెనక్కి ఇస్తూ పోతే స్టీమ్ ఆ సదుపాయం ఆపేసే అవకాశం ఉంది.

ఒకటి చేసి చూపిస్తాను: రాజీ

పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ తయారుచేసిన రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ 2020 ఆగస్టులో మొదట నింటెండో కన్సోల్ స్విచ్ మీద వచ్చింది. మార్కులు 70కి అటూ ఇటూ. మన దేశపు గేమ్ కాబట్టి మనవాళ్లు కొందరు గుడ్డిగా మెచ్చుకున్నారు, కొందరు గుడ్డిగా కొట్టిపారేశారు. దానికీ ఇదే కాగితం పట్టాలి.

ఎడమ గడి: అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూని వెతుకుతూ వెళ్లే అమ్మాయి. దుర్గ ఇచ్చిన త్రిశూలం. దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ కథ చెబుతారు. రాజస్థాన్ కోటల్లాంటి కట్టడాలు. కథా సన్నివేశాలు తోలుబొమ్మల నీడల్లా కదులుతాయి. కెమెరా మన చేతిలో ఉండదు. ఐదారు గంటల్లో అయిపోతుంది. ముగింపు అర్ధాంతరంగా వస్తుంది. కుడి గడి: కళ్లకు పండగ, ఫైట్లలో పట్టు లేదు, ఇంకాస్త ఉంటే బాగుండేది.

ఎర్ర గీత పడేవి ఫైట్లు, ముగింపు. మెచ్చుకున్నవాళ్లు కూడా వాటి దగ్గర తడబడ్డారు. ఫైట్ల కోసమే ఆడేవారైతే నా సలహా వద్దనే. తోలుబొమ్మలాట నీడలో, మన కథల వాసనలో ఒక శని, ఆదివారం గడపాలనుకుంటే సేల్ ధరకి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నేను తీసుకున్నాను. ముగింపు దగ్గర నిజంగానే బాధేసింది, కానీ ఆ గోడల మీది బొమ్మల ముందు ఆగి ఆగి నడిచాను.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మీ మనసులో ఉన్నదాన్నే చెప్పే రివ్యూ దొరికేదాకా వెతకడం మొదటిది. కొనాలని ముందే నిర్ణయించుకున్నవారికి 90 ఇచ్చినవాడు దొరుకుతాడు, వద్దనుకున్నవారికి 40 ఇచ్చినవాడు. అందుకే రెండు చివర్ల నుంచీ తీసుకోమన్నాను.

రెండోది, తక్కువ మార్కు ఇచ్చిన విమర్శకుడు అమ్ముడుపోయాడనో గేమ్ ఆడటం రాదనో కొట్టిపారేయడం. ఆ మనిషి రాసిన ఎడమ గడి మాటలు నిజమా కాదా అన్నదే మీకు కావాలి. ఉద్దేశాలు తవ్వితే అరగంట కాస్తా మూడు గంటలవుతుంది.

విడుదల రోజే తేల్చేయాలన్న తొందర ఇంకొకటి. మధ్యస్థ గేమ్‌ల ధర త్వరగా పడిపోతుంది, బగ్స్ కూడా ఆ మధ్యలోనే తగ్గుతాయి. మూడు నెలలు ఆగితే రెండు విధాలా లాభం. ఆన్‌లైన్‌లో జనంతో కలిసి ఆడే గేమ్‌కి మాత్రం ఇది వర్తించదు, ఆగితే అక్కడ జనమే మిగలకపోవచ్చు.

ఫలితం సరిచూసుకోవడం ఎలా?

గేమ్ ముగించాకో, వదిలేశాకో ఆ కాగితం మళ్లీ తీయండి. ఎడమ గడిలోని ప్రతి లైన్ పక్కనా టిక్కు గానీ ఇంటూ గానీ పెట్టండి: నాకూ ఎదురైందా, లేదా? కుడి గడిలో మీకూ అలాగే అనిపించినవాటికి సున్నా చుట్టండి. తర్వాత ఎవరి మాటలకి ఎక్కువ సున్నాలు పడ్డాయో ఆ విమర్శకుడి పేరు కాగితం వెనకాల రాయండి. సైట్ పేరు కాదు, మనిషి పేరు. ఒకే సైట్‌లో పదిమంది రాస్తారు, ఏడాదికి ఒకరు మారుతుంటారు.

నాలుగైదు గేమ్‌లయ్యాక ఒకరిద్దరి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ తర్వాత ఐదు రివ్యూలు చదవక్కర్లేదు, ఆ ఇద్దరివి చాలు. ప్రతిసారీ మీకు పూర్తిగా వ్యతిరేకంగా అనిపించేవారు దొరికినా వదులుకోకండి, వారు బోర్ అన్నదల్లా మీకు నచ్చుతుంటే అదీ గట్టి సూచనే.

టిక్కులన్నీ పడ్డాయి, అయినా గేమ్ నచ్చలేదంటే లోపం అడుగు 1లో ఉంది. మీకు నచ్చేవని మీరు రాసుకున్నది పాతబడింది. అక్కడ దిద్దండి. ఇంటూలు ఎక్కువ పడితే అడుగు 5 మళ్లీ చూడండి, మీరు చదివింది వేరే వెర్షన్ రివ్యూ అయ్యుంటుంది.

మా మేనల్లుడి కాగితంలో ఎడమ గడిలోని ఆరు లైన్లకి ఐదు టిక్కులు పడ్డాయి. ఇంటూ పడింది బగ్స్ లైన్‌కి, ఎందుకంటే వాడు ఆడింది పీఎస్4 వెర్షన్ వచ్చిన రెండేళ్లకి, 2021లో వచ్చిన పీసీ వెర్షన్. ఆ వెర్షన్‌కి విమర్శకులు 76 ఇచ్చారు. "బోర్" అన్న మాటకి వాడు సున్నా చుట్టలేదు. "సాగదీత" అన్నదానికి మాత్రం చుట్టి, పక్కన "నిజమే, కానీ ఫర్వాలేదు" అని రాసుకున్నాడు.